చెన్నై నీళ్లలో గప్పీలు: ఖాళీ తొట్టి నుంచి పిల్లల పెంపకం దాకా

చెన్నైలో అద్దె ఇల్లు వెతికే తెలుగువాళ్లు వంటగది కంటే ముందు నీళ్ల సంగతి అడుగుతారు. బోరు ఉందా, నీటి బోర్డు ఇచ్చే మెట్రో నీళ్లు రోజూ వస్తాయా, ఎండాకాలం ట్యాంకర్ తెప్పించుకోవాలా? గప్పీలనే చిన్న రంగు చేపలను పెంచాలనుకున్నా ఈ ప్రశ్నలతోనే మొదలుపెట్టాలి. తొట్టి, లైటు, రంగురాళ్లు ఆ తర్వాతి సంగతి.

ఇందులో మనకు కలిసొచ్చే విషయం ఒకటుంది. గీజరును పాడుచేసి, కుళాయి మూతికి తెల్లగా పట్టుకుని, జుట్టు రాలిపోవడానికి కారణమని నిందలు మోసే మన బోరు నీళ్లంటే గప్పీలకు ఇష్టం. కాల్షియం, మెగ్నీషియం ఎక్కువగా ఉండి, పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే అంకె) 7 నుంచి 8 మధ్య ఉండే నీళ్లలో అవి హాయిగా బతుకుతాయి. కాస్త ఉప్పదనం ఉన్నా పట్టించుకోవు. వాటికి పడనిది మార్పు. ఈ వారం బోరు, వచ్చేవారం మెట్రో, ఆ పైవారం ట్యాంకర్ అంటూ మన ఇళ్లలో జరిగేది సరిగ్గా అదే. ‘గప్పీ చాలా గట్టి చేప, ఎందులోనైనా బతుకుతుంది’ అనే మాట నమ్మి తెచ్చుకున్నవాళ్లు వారానికొకటి చొప్పున పారేయడానికి కారణం ఎక్కువసార్లు ఇదే.

ముందు మీ ఇంటి నీళ్లను తెలుసుకోండి

మెట్రో నీళ్లంటే ఒకే నీళ్లు కావు. పూండి, చోళవరం, రెడ్‌హిల్స్, చెంబరంబాక్కం జలాశయాల నీళ్లున్నాయి. తెలుగుగంగ కాలువ మీదుగా కండలేరు నుంచి పూండికి చేరే కృష్ణా నీళ్లున్నాయి. దక్షిణాన వీరాణం చెరువు నుంచి వచ్చేవి, మీంజూరు, నెమ్మేలి కర్మాగారాల్లో ఉప్పు తీసేసిన సముద్రపు నీళ్లు కూడా ఉన్నాయి. మీరు ఏ ప్రాంతంలో ఉన్నారు, అది ఏ నెల అన్నదాన్ని బట్టి కుళాయిలో వచ్చేది మారిపోతుంది. దానికి తోడు చాలా అపార్ట్‌మెంట్లలో మెట్రో, బోరు, ట్యాంకర్ నీళ్లన్నీ ఒకే సంపులో కలుస్తాయి. కాబట్టి వాచ్‌మన్‌ను అడగండి. మీ సంపులో ఏ రోజు ఏ నీళ్లు పడ్డాయో ఆయనకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

తర్వాత పెన్ను ఆకారంలో దొరికే టీడీఎస్ మీటరు ఒకటి కొనండి. ఖరీదు కొన్ని వందల రూపాయలే. అది నీళ్లలో కరిగిన లవణాల మొత్తాన్ని చూపిస్తుంది. కాఠిన్యాన్ని, అంటే అందులో కాల్షియం, మెగ్నీషియం ఎంతన్నదాన్ని, విడిగా చెప్పదు కానీ, నీళ్లు మారాయా లేదా అన్నది పట్టుకోవడానికి అది చాలు. మా ఇంట్లో బోరు నీళ్లు 1100 దగ్గర, మెట్రో నీళ్లు 350 దగ్గర, ఆర్వో నీళ్లు 40 దగ్గర చూపిస్తాయి. ఒక వారం పాటు మీ కుళాయి నీళ్లను రోజూ కొలిచి రాసుకోండి. అంకె పెద్దగా మారకపోతే మీరు అదృష్టవంతులు. రెండు మూడు వందలు అటూ ఇటూ అవుతుంటే నీళ్లు ముందుగానే పట్టి నిలవ ఉంచుకోవాలి.

‘మనం తాగే నీళ్లే కదా’ అని క్యాన్ నీళ్లు, ఆర్వో నీళ్లు తెచ్చి తొట్టి నింపేవాళ్లను చాలామందిని చూశాను. ఆ నీళ్లలో లవణాలు దాదాపు ఉండవు. గప్పీలు రెక్కలు ముడుచుకుని, ఉన్నచోటే వణుకుతున్నట్టు ఊగుతూ, కొద్దిరోజుల్లో నీరసించిపోతాయి. బోరు నీళ్లు మరీ ఉప్పగా ఉండి మీటరు 1500 దాటితే మూడో వంతో సగమో ఆర్వో నీళ్లు కలపండి. అంతకుమించి వద్దు. ఒకసారి కుదుర్చుకున్న పాళ్లను మళ్లీ మార్చకండి.

తొట్టి, దాని చోటు

రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న గాజు తొట్టి తీసుకోండి. అంచుదాకా నింపితే 56 లీటర్లు పడతాయి. ఇసుక, పైన వదిలే ఖాళీ పోగా 45 లీటర్ల చిల్లర మిగులుతాయి. గుండ్రటి గాజు గిన్నెలు అమ్మేవాళ్లతో వాదించకండి, కొనకండి. చిన్న తొట్టి సులువని అనుకుంటాం కానీ, నీళ్లు తక్కువైతే ఒక్క గింజ మేత ఎక్కువ పడినా పాడవుతాయి.

నీళ్లు, ఇసుక, గాజు కలిపి బరువు 60 కిలోలు దాటుతుంది. పాత టీపాయ్ మీద పెట్టకండి. తొట్టి కింద థర్మాకోల్ షీటు పరిస్తే గాజు మీద ఒత్తిడి సమానంగా పడుతుంది. పడమటి ఎండ తగిలే గోడ, వంటగది, దోమల మందు కొట్టే గది వద్దు. దోమల స్ప్రేలలో, అగరుబత్తిలాంటి దోమబత్తుల్లో ఉండే మందులు చేపలకు విషం. ఎయిర్ పంపు గదిలో గాలినే లాగి నీళ్లలోకి పంపుతుందన్నది మరిచిపోవద్దు.

సామాను పెద్దగా అక్కర్లేదు. ఒక స్పాంజి ఫిల్టరు, దాన్ని నడిపే ఎయిర్ పంపు, నీళ్లు వెనక్కి రాకుండా పైపులో పెట్టే చిన్న వాల్వు, థర్మామీటరు, పైన జాలీ మూత. మూత తప్పనిసరి, ఎందుకంటే గప్పీలు దూకుతాయి. పెద్ద మోటారు ఫిల్టర్లు పొడుగు తోకల మగ గప్పీలను అలసగొడతాయి, పిల్లలను లాగేస్తాయి. స్పాంజి ఫిల్టరు చూడ్డానికి అందంగా ఉండదు, పని మాత్రం అదే చేస్తుంది. చెన్నైలో హీటరు అవసరం లేదు. డిసెంబరు రాత్రుల్లోనూ మన గదుల్లో నీళ్లు గప్పీలకు సరిపడేంత వెచ్చగానే ఉంటాయి.

అడుగున అంగుళం మందాన నది ఇసుక గానీ చిన్న గులకరాళ్లు గానీ కడిగి పరవండి. మొక్కల్లో హార్న్‌వర్ట్, గప్పీ గ్రాస్, జావా మాస్ మన వేడికి తట్టుకుంటాయి, ఎరువు అడగవు. లైటు రోజుకు ఆరేడు గంటలు చాలు. ఎక్కువైతే గాజంతా నాచు.

చేపలు లేని నెల

ఈ మెట్టును దాటేసి నేను మొదటిసారి ఎనిమిది గప్పీలను పోగొట్టుకున్నాను. ‘ఈరోజే తొట్టి, ఈరోజే చేపలు, ఏమీ కాదు సార్’ అని అమ్మినాయన అన్నాడు. ఐదో రోజుకు రెండు మిగిలాయి.

జరిగేది ఇదీ. చేపల వ్యర్థం, మిగిలిన మేత కుళ్లి అమ్మోనియా అవుతుంది. ఒక రకం బాక్టీరియా దాన్ని నైట్రైటుగా, మరో రకం ఆ నైట్రైటును నైట్రేటుగా మారుస్తాయి. మొదటి రెండూ విషాలు. మూడోది తక్కువ మోతాదులో హాని చేయదు. వారం వారం నీళ్లు మారిస్తే పోతుంది. ఈ బాక్టీరియా స్పాంజి నిండా స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మన వేడికి కొంచెం ముందే కావచ్చు.

అందరికీ వర్తించే ఈ కథలో చెన్నైవాళ్లకు ప్రత్యేకమైన మెలిక ఒకటుంది. నీళ్ల పీహెచ్, వేడి పెరిగేకొద్దీ అమ్మోనియా విషం తీవ్రమవుతుంది. అమ్మోనియా మొత్తం అంతే ఉన్నా, పీహెచ్ 7 దగ్గర ఉన్నదానికంటే 8 దగ్గర అందులో విషరూపంలో ఉండే భాగం సుమారు పది రెట్లు ఎక్కువ. గప్పీలకు నచ్చే మన బోరు నీళ్లే, తొట్టి సిద్ధం కాకముందు చేపలను వేస్తే, వాటిని చంపుతాయి.

చేయాల్సింది చిన్నదే. తొట్టి నింపి, ఫిల్టరు నడుపుతూ, రోజూ చిటికెడు మేత వేస్తూ ఉండండి. అది కుళ్లి బాక్టీరియాకు తిండి అవుతుంది. రెండో వారం నుంచి టెస్ట్ కిట్‌తో అమ్మోనియా, నైట్రైట్ కొలవండి. రెండూ పెరిగి, మళ్లీ పడిపోయి, మేత వేస్తున్నా సున్నా దగ్గరే నిలబడితే తొట్టి సిద్ధమైనట్టు. తెలిసినవాళ్ల ఆరోగ్యకరమైన తొట్టిలో నడిచిన స్పాంజి దొరికితే సగం సమయం కలిసొస్తుంది. పెరుగుకు తోడు వేసినట్టే. అయితే ఆ స్పాంజి దారిలో ఎండిపోకూడదు, ఆ తొట్టి నీళ్లలోనే ముంచి తేవాలి.

కొళత్తూరుకు వెళ్లే రోజు

రంగు చేపల వ్యాపారానికి దేశంలోనే పేరున్న చోటు మన ఊళ్లోనే ఉంది. పెరంబూరు, విల్లివాక్కం దగ్గరి కొళత్తూరులో వీధుల పొడవునా చేపల దుకాణాలే. వెళ్లగానే కొనకండి, ఒక గంట తిరగండి. రెండు మాటలు తప్పక అడగండి: ఇవి ఇక్కడే పెరిగినవా, బయటి దేశం నుంచి వచ్చినవా? ఏ నీళ్లలో ఉన్నాయి? దగ్గర్లోని సిమెంటు తొట్లలో బోరు నీళ్లలో పెరిగిన గప్పీలు మామూలు రంగులో ఉన్నా మన ఇంటికి త్వరగా అలవాటు పడతాయి. విమానంలో వచ్చిన విసనకర్ర తోక రకాలు అందంగా ఉంటాయి. అలసిపోయి కూడా ఉంటాయి. మొదటిసారికి అవి వద్దని నా సలహా. మీటరు జేబులో వేసుకెళ్లి వాళ్ల తొట్టిలో ముంచి చూడండి. కొందరు వింతగా చూస్తారు, చూడనివ్వండి.

చేపలో చూడాల్సినవి: తోక, రెక్కలు విచ్చుకుని ఉండాలి. పొట్ట లోపలికి పోకూడదు. తెల్లటి దారంలాంటి రెట్ట వేలాడకూడదు. ఆ తొట్టిలో ఒక్క చచ్చిన చేప ఉన్నా అందులోంచి ఏదీ తీసుకోవద్దు.

రెండు మగవాటికి నాలుగైదు ఆడవి చాలు. మగవి ఎక్కువైతే ఆడవాటిని తరిమి తరిమి అలసగొడతాయి. మగది మూడున్నర సెంటీమీటర్ల లోపు, రంగురంగుల తోకతో ఉంటుంది. పొట్ట కింది రెక్క సన్నటి పుల్లలా ఉంటుంది. ఆడది ఐదారు సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది, రంగు తక్కువ, పొట్ట చివర, కింది రెక్క దగ్గర నల్లటి మచ్చ కనిపిస్తుంది. పిల్లల బెడద వద్దనుకుంటే ఆరు మగవాటినే తెచ్చుకోండి. తొట్టి రంగులతో నిండిపోతుంది, లెక్క పెరగదు.

కవరులో ఆక్సిజన్ నింపించి, సాయంత్రం చల్లబడ్డాక తెచ్చుకోండి. ఇంటికొచ్చాక కవరును ఇరవై నిమిషాలు తొట్టి నీళ్ల మీద తేలనివ్వండి. తర్వాత కవరు విప్పి, ఐదు నిమిషాలకోసారి చిన్న గ్లాసుడు తొట్టి నీళ్లు కలపండి. మీటరు అంకెల్లో తేడా ఎక్కువుంటే గంటకు పైగా ఇలాగే చేయండి. చివరికి వలతో చేపలను మాత్రమే తొట్టిలోకి వదిలి, కవరు నీళ్లు పారబోయండి. తొట్టిలో ముందే చేపలుంటే, కొత్తవాటిని రెండు మూడు వారాలు వేరే డబ్బాలో ఉంచి గమనించాకే కలపండి.

వారానికోసారి నీళ్లు

పావు వంతు నీళ్లు తీసి, పావు వంతు కొత్తవి పోయడం. సంరక్షణలో అసలు పని ఇదే, అరగంట కూడా పట్టదు. సన్నటి పైపుతో అడుగున చేరిన మురికిని లాగేయండి. బయటికి తీసిన ఆ నీళ్లలోనే స్పాంజిని రెండుసార్లు పిండండి. కుళాయి కింద కడిగితే నెల కష్టపడి పెంచిన బాక్టీరియా క్లోరిన్‌కు చస్తుంది. సంక్రాంతికి ఇల్లు దులిపినట్టు తొట్టి మొత్తం ఖాళీ చేసి తోమేవాళ్లున్నారు. అలా చేస్తే మళ్లీ మొదటి నెలకు వచ్చినట్టే.

కొత్త నీళ్లు ముందురోజే బకెట్లలో పట్టి ఉంచండి. మెట్రో, ట్యాంకర్ నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. మూత లేకుండా ఒక రోజు ఉంచితే, ఎయిర్ పంపు పైపుకు తగిలించే గాలిరాయి వేస్తే ఇంకా త్వరగా, పోతుంది. తొందరైతే సోడియం థయోసల్ఫేటుతో చేసిన చుక్కల మందు దుకాణాల్లో దొరుకుతుంది. బోరు నీళ్లలో క్లోరిన్ లేకపోయినా రాత్రంతా గాలి తగలనివ్వండి. భూమిలోంచి వచ్చేటప్పుడు వాటిలో ఆక్సిజన్ తక్కువ, బొగ్గుపులుసు వాయువు ఎక్కువ ఉంటాయి. గాలి తగిలాక పీహెచ్ కుదురుకుంటుంది.

ఇక ఆవిరి సంగతి. ఏప్రిల్, మే నెలల్లో తొట్టి నీళ్లు రోజురోజుకూ కిందికి దిగుతుంటాయి. తగ్గినంత బోరు నీళ్లే పోస్తూ పోతే ఏమవుతుంది? ఆవిరయ్యేది నీరు మాత్రమే, లవణాలు తొట్టిలోనే మిగులుతాయి. వాటి మీద మళ్లీ లవణాలు చేరతాయి. రెండు నెలల్లో 1100 ఉన్న అంకె 1800 దాటడం మా తొట్టిలోనే చూశాను. అందుకే లెక్క ఇలా పెట్టుకోండి: ఆవిరైపోయినదానికి ఆర్వో నీళ్లు, మార్చినదానికి మామూలు నీళ్లు.

2019 ఎండాకాలంలో జలాశయాలు ఎండిపోయి ఊరంతా ట్యాంకర్ల వెంట పరుగెత్తినప్పుడు, ‘మనకే లేవురా నీళ్లు, నీ చేపలకు బకెట్టా?’ అని అమ్మ అడిగింది. తీసేసిన తొట్టి నీళ్లను తులసి కుండీకి, కరివేపాకు మొక్కకు పోయడం మొదలుపెట్టాను. నైట్రేటు మొక్కలకు ఎరువే కదా. కరివేపాకు గుబురుగా పెరిగాక అమ్మే శనివారం సాయంత్రం గుర్తుచేసేది.

రోహిణి కార్తె

గప్పీలకు 22 నుంచి 28 డిగ్రీలు హాయి. 30 దాకా సర్దుకుంటాయి. మేలో మన హాల్లో నీళ్లు 32, 33కు చేరతాయి. నీళ్లు వేడెక్కితే అందులో ఆక్సిజన్ తగ్గుతుంది, చేపకు మాత్రం ఎక్కువ కావాల్సి వస్తుంది. పైకొచ్చి నోరు తెరిచి మూసుకుంటున్నాయంటే అర్థం అదే. ఎయిర్ పంపు 24 గంటలూ నడవాలి. జాలీ మూత అలాగే ఉంచి, చిన్న టేబుల్ ఫ్యాను నీళ్ల మీదికి తిప్పండి. రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. సముద్రపు గాలి తేమగా ఉన్న రోజుల్లో అంత తగ్గదు, అయినా మేలే. గడ్డకట్టించిన నీళ్ల సీసా వేయడం ఆఖరి ఉపాయం. ఒకేసారి నాలుగు డిగ్రీలు పడితే వేడికంటే అదే ఎక్కువ హాని. ఈ నెలల్లో మేత తగ్గించి, లైటును రాత్రి కాసేపే వేయండి.

మేత

రోజుకు రెండుసార్లు, ఒకటి రెండు నిమిషాల్లో తినేసేంత. గప్పీ ఎప్పుడూ ఆకలితో ఉన్నట్టే నటిస్తుంది, నమ్మకండి. నలిపిన ఫ్లేక్స్ గానీ సన్నటి గుళికలు గానీ రోజువారీ తిండి. వారంలో రెండుసార్లు ఆర్టీమియా, మొయినా (రొయ్యల్లాంటి అతి చిన్న నీటిజీవులు) లాంటి ప్రాణమున్న మేత ఇస్తే రంగు తేలుతుంది. ఒకరోజు ఉపవాసం. మురుగు కాలువల్లోంచి తీసిన ట్యూబిఫెక్స్ పురుగులు వద్దు, వాటితో జబ్బులొస్తాయి. దోమ లార్వా గప్పీలకు పరమాన్నమే. దోమల నివారణకని వీటిని ఒకప్పుడు దేశదేశాలకు తీసుకెళ్లి వదిలారు. అంతమాత్రాన డాబా మీద టబ్బులో లార్వా పెంచకండి. డెంగీ రోజుల్లో అది మీకూ పక్కింటివాళ్లకూ ముప్పు.

పిల్లలు

గప్పీ గుడ్లు పెట్టదు, పిల్లలను కంటుంది. మూడు నాలుగు వారాలకోసారి, చిన్న తల్లి పది, పెద్ద తల్లి యాభై దాకా. ఒకసారి జతకట్టిన ఆడది ఆ బీజాన్ని నెలల తరబడి దాచుకుంటుంది. దుకాణంలోంచి తెచ్చిన ఆడ గప్పీ ఒంటరిగా ఉన్నా కంటే ఆశ్చర్యపోకండి.

పొట్ట నలుచదరంగా ఉబ్బి, నల్లమచ్చ పెద్దదై, మూలకు చేరి కదలకుండా ఉంటే కాన్పు దగ్గరపడినట్టు. ప్లాస్టిక్ కాన్పు పెట్టెలో బంధించడం నాకు నచ్చదు. ఆ ఇరుకులో తల్లి బెదిరి ఒక్కోసారి నెలలు నిండకుండానే కంటుంది. గప్పీ గ్రాస్, జావా మాస్ దట్టంగా ఉంటే చాలు. తల్లి తన పిల్లలనే తింటుంది, నిజమే. ఆ గుబురులో దాక్కున్నవి మిగులుతాయి. అన్నిటినీ బతికించాలనుకుంటే కాన్పు అయిన వెంటనే తల్లిని పక్కకు తీయండి.

పిల్లలకు పొడి చేసిన మేత రోజుకు నాలుగైదుసార్లు, చిటికెడులో చిటికెడు. అప్పుడే పొదిగిన ఆర్టీమియాకు మించిన తిండి లేదు. లీటరు నీళ్లలో 25 గ్రాముల కల్లుప్పు కరిగించి, పావు చెంచా ఆర్టీమియా గుడ్లు వేసి, గాలిపైపు పెట్టండి. మన వేడికి ఒక రోజులో పొదుగుతాయి. గాలి ఆపితే గుల్లలు పైకి తేలతాయి. కింద ఒక పక్క టార్చి వేస్తే ఆర్టీమియా పిల్లలు వెలుగు దగ్గరికి చేరతాయి. వాటిని సన్నటి పైపుతో లాగి, బట్టలో వడకట్టి, మంచినీళ్లతో కడిగి ఇవ్వండి.

నెల దాటగానే మగపిల్లల కింది రెక్క సన్నబడటం మొదలవుతుంది. అప్పుడే వేరు చేయకపోతే లెక్క చేయి దాటుతుంది. తొట్టి నిండాక కొళత్తూరు దుకాణాల్లో కొందరు తీసుకుంటారు, అపార్ట్‌మెంటు పిల్లలకు ఇవ్వవచ్చు. చెరువులో మాత్రం వదలకండి. మన నీళ్ల చిన్నచేపల తిండిని, చోటును ఇవి ఆక్రమిస్తాయి.

జబ్బుల దగ్గర ఒక హెచ్చరిక

ఒంటి మీద ఉప్పు చల్లినట్టు తెల్లచుక్కలు కనబడితే వేడి 30 దాకా పెంచి, లీటరుకు ఒకటి రెండు గ్రాముల కల్లుప్పు కరిగించి పోస్తే చాలావరకు తగ్గుతుంది. ఈ చిట్కానే అన్నిటికీ వాడేస్తారు. మన ఊరి వేడిలో ఎక్కువగా వచ్చేది వేరే జబ్బు. నోటి చుట్టూ లేదా వీపు మీద జీనులా తెల్లటి పాలిపోయిన మరక, ముడుచుకున్న రెక్కలు, రెండు మూడు రోజుల్లో మరణం. చూడ్డానికి బూజులా ఉంటుంది కానీ అది కాలమ్నారిస్ అనే బాక్టీరియా. వేడి పెంచితే అది ఇంకా చెలరేగుతుంది. అప్పుడు చల్లబరచాలి, గాలి పెంచాలి, నీళ్లు మార్చాలి, జబ్బు చేపను వేరు చేసి మందు వాడాలి. మలద్వారం దగ్గర ఎర్రటి దారపు ముక్కలు కనబడితే అవి కడుపులో పురుగులు. వాటికి ఉప్పు పనిచేయదు, నులిపురుగుల మందు కావాలి.

తుపాను రోజులు

2016 డిసెంబరులో వర్దా, 2023 డిసెంబరులో మిచౌంగ్ వచ్చినప్పుడు చాలా వీధుల్లో రోజుల తరబడి కరెంటు లేదు. బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ఒకటి అక్టోబరుకల్లా కొని ఉంచండి. అది లేకపోతే గంటకోసారి మగ్గుతో నీళ్లు తీసి అడుగెత్తు నుంచి పోయండి. మేత పూర్తిగా ఆపేయండి. పంపు ఆగిన స్పాంజిలో కొన్ని గంటలకే బాక్టీరియాకు ఊపిరాడదు. కరెంటు వచ్చాక దాన్ని బయటికి తీసిన తొట్టి నీళ్లలో పిండి మళ్లీ పెట్టండి. తుపాను హెచ్చరిక రాగానే రెండు బకెట్ల నీళ్లు పట్టి మూత వేసి ఉంచడం మరవకండి, తర్వాత కుళాయిలో ఏం వస్తుందో చెప్పలేం.

ఊరెళ్లేటప్పుడు

పెద్ద గప్పీలు వారం రోజులు తిండి లేకపోయినా బతుకుతాయి. నాలుగైదు రోజులకు ఊరెళ్తే ఎవరికీ అప్పగించనక్కర్లేదు. అంతకుమించితే మేత డబ్బా ఇంట్లో ఎక్కడా కనబడకుండా దాచి, రోజుకొక చిటికెడు చొప్పున కాగితం పొట్లాలు కట్టి, వాటి మీద వారాల పేర్లు రాసి ఇవ్వండి. ఒకసారి నెల్లూరు వెళ్తూ ఎదురింటి పిన్నిగారికి డబ్బానే ఇచ్చి వెళ్లాను. తిరిగొచ్చేసరికి నీళ్లు పాలలా ఉన్నాయి. ‘పాపం, నేను వెళ్లినప్పుడల్లా నోరు తెరుస్తూనే ఉన్నాయి బాబూ’ అన్నారామె.